కుడివైపు స్టీరింగ్

అర్మాన్ సీర్ రిటైరయిన సాయంత్రం
తాళాలు నా అరచేతిలో పెట్టి
"తలుపు రాకపోతే తిట్టకు,
భుజంతో ఒక్కటియ్యి చాలు" అన్నాడు.
పద్దెనిమిది వందల డాలర్లు,
పైన ఒక బస్తా బంగాళాదుంపలు.
బండి లోపల తడి కాగితం వాసన,
సీటు కింద ఎవరికీ చేరని రబ్బరు బ్యాండ్లు.

ఎక్కడో హొక్కైడోలో తిరిగిన బండి.
అక్కడా ఇంత మంచేనట.
స్టీరింగ్ కుడివైపు, అందుకే నాకు పనికొచ్చింది:
అద్దం దించి చెయ్యి చాపితే పోస్టు డబ్బా.
అందరూ ఎడమవైపు కూర్చుని నడిపే దేశంలో
నేను గోతి గట్టున కూర్చుని నడుపుతాను.
ఎదురొచ్చేవాళ్లు ఖాళీ సీటుకి చెయ్యూపి,
ఉలిక్కిపడి,
అప్పుడు నన్ను వెతుక్కుంటారు.

మీటరులో మైళ్లు లేవు.
రేడియో తన దేశపు గాలినే ఏరుకుంటుంది;
ఇక్కడ దానికి అందేది ఒక్కటే స్టేషను,
సెయింట్ జాన్ నదికి అవతలి ఒడ్డుది.
రేపటి మంచు సంగతి ఫ్రెంచిలో చెబుతుంది,
బడిలో పలికినందుకు
మా అమ్మ నోట్లో సబ్బు పెట్టిన ఫ్రెంచి.

తాళం తిప్పగానే డాష్‌బోర్డు లోపల్నుంచి
ఎవరో ఆవిడ
జపనీసులో మెత్తగా ఒక వాక్యం పలుకుతుంది.
మొదటిరోజు జడుసుకున్నాను.
తర్వాత్తర్వాత "నీకూ మంచిదే" అనడం అలవాటైంది.

జనవరి. సున్నాకి ముప్పై కింద.
రాత్రంతా ఇంజనుకి కరెంటు తీగ తగిలించి ఉంచాలి.
వారానికో సీసా ఆయిల్ తాగి
అందులో సగం నా వాకిట్లోనే ఒలకబోస్తుంది.
గుడ్డి గుర్రమైనా దాణాకి తక్కువ లేదు.
రోడ్ల మీది ఉప్పు
అడుగునంతా తీరిగ్గా కొరుక్కు తింటోంది.
వెనక చక్రం పైన రేకుని వేలితో నొక్కి చూశాను,
వేలు లోపలికి దిగింది.
గ్యారేజీలో రెయాల్ కింద దూరి చూసి
"ఇది బండి కాదమ్మా,
తుప్పు తుప్పుని పట్టుకుని వేలాడుతోంది" అన్నాడు.
డబ్బు తీసుకోలేదు.
అప్పుడు భయమేసింది.

అయినా, కొండ మీద వయొలెట్ మిషో ఇంటికి,
మంచు తోసే ట్రక్కు సగంలోనే తిరిగిపోయిన దారిలో,
ముందు చక్రాలు జారితే వెనకవి పట్టాయి,
వెనకవి జారితే ముందువి.
నాలుగూ ఒక్కసారే జారినప్పుడు
నేనే సీట్లో ముందుకి వంగాను,
అదేదో సాయమైనట్టు.
గుమ్మంలో ఆవిడ, చేతికర్ర, కుక్క.
గుండె మందుల పొట్లం అందుకుని
గోడ గడియారం వంక చూసి
"నిన్న రావాలిది" అంది.

ఫిబ్రవరిలో, పని ముగిశాక,
లెక్కల టీచరు చిహారు కారు మొరాయిస్తే
ఇంటి దగ్గర దింపుతానన్నాను.
ఎడమ సీట్లో కూర్చుంది, ముందు స్టీరింగ్ లేకుండా,
తన ఊళ్లో కూర్చున్నట్టు.
తాళం తిప్పాను.
ఆవిడ పలికింది. చిహారు పకపకా నవ్వింది.
ఏమంటోంది? అడిగాను.
ఏడాదిగా నేను దాన్ని దీవెన అనుకున్నాను,
కనీసం జాగ్రత్త చెప్పడం.
"కార్డు పెట్టలేదు అంటోంది.
టోల్ గేటు కార్డు."

రెండొందల మైళ్ల దాకా ఇక్కడ టోల్ గేటే లేదు.
ఆ పెట్టె పీకెయ్యడం పది నిమిషాల పనన్నాడు రెయాల్.
మార్చిలో చూద్దామన్నాను.
మార్చి వెళ్లిపోయింది, మంచు వెళ్లలేదు.

ఈ పొద్దున మళ్లీ మోకాలి లోతు.
భుజంతో ఒక్కటిచ్చాను, తలుపొచ్చింది.
కార్డు పెట్టలేదంది ఆవిడ.
పెట్టలేదు, అన్నాను.
బెల్టు బిగించుకున్నాను.